వేసవిలోనే సగం ఆట

ఆట అంటే ఈల మోగిన దగ్గర్నుంచి మళ్ళీ ఈల మోగేదాకా జరిగేదే అని మనలో చాలామంది అనుకుంటాం. చూసేవాళ్ళకి కనబడేది అంతే గనక అలా అనుకోవడంలో తప్పు లేదు. కాని పంట చూసి సంతోషించేవాడికీ, పంట పండించేవాడికీ తేడా ఉన్నట్టే, ఆట చూసేవాడికీ జట్టును కూర్చేవాడికీ తేడా ఉంది. వ్యవసాయదారుల ఇంట్లో పుట్టినవాణ్ణి గనక నాకు ఈ పోలిక తప్ప ఇంకోటి తోచదు. కోతలనాడు గట్టు మీద నిలబడి "ఈ ఏడు బాగా పండిందిరా" అనేవాళ్ళు చాలామందే ఉంటారు. రోహిణీకార్తె ఎండల్లో గత్తం ఎవరు తోలారో, మంచి విత్తనం కోసం ఎవరు నాలుగూళ్ళు తిరిగారో ఎంతమందికి గుర్తుంటుంది? పంటలో సగం అప్పుడే తేలిపోతుంది. ఆటలో కూడా అంతేనని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను చెప్పబోయేది కబడ్డీ గురించి. మా వైపు పాతవాళ్ళు ఇప్పటికీ చెడుగుడు అనే అంటారు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో మన తెలుగు టైటాన్స్ ఒకటి. ఆ ఏడాదే మన విశాఖపట్నంలోనూ ఆటలు జరిగాయి. 2016 జనవరిలో మూడో సీజన్ ఇక్కడే మొదలైంది. 2018 డిసెంబరులో మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం మనకా భాగ్యం లేకపోయింది. చివరకు 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ మన ఊళ్ళోనే, విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్ లో ప్రారంభమైంది. తొలి ఆట మన టైటాన్స్ కీ తమిళ్ తలైవాస్ కీ. అంతకు ముందు రెండు సీజన్లు మన జట్టులో ఆడిన పవన్ సెహ్రావత్ ఆనాడు అవతలి జట్టు చొక్కా వేసుకుని బరిలోకి దిగాడు. మనం 38-35 తేడాతో ఓడిపోయాం.

ద్వారకా నగర్ లో మేం ముగ్గురం కలిసి అద్దెకుంటున్న గదిలో ఆ రాత్రి అన్నం చల్లారిపోయేదాకా ఒకటే వాదన. "చూశావా, బంగారంలాంటివాణ్ణి వదులుకుని ఏం బావుకున్నారు?" అన్నాడు ఒకడు. "ఇహ ఈ ఏడు కూడా అడుగునే" అన్నాడు ఇంకొకడు. నేను ఒప్పుకోలేదు. మూడు పాయింట్ల తేడాతో పోయిన ఒక్క ఆటని చూసి వేసవి పని అంతా వ్యర్థం అనడం, మొదటి వానకి నాలుగు మొక్కలు పడిపోతే పంటే పోయిందనడం లాంటిది. నా మాట వాళ్ళు వినలేదు. అప్పట్నుంచి పౌర గ్రంథాలయానికి వెళ్ళినప్పుడల్లా పేపర్లలో ఆటల పేజీ ముందేసుకుని, ఏ ఏడు ఎవర్ని ఎంతకి కొన్నారో, ఆ ఏడు ఏ జట్టు ఎక్కడ తేలిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఫిజిక్స్ రికార్డు కన్నా ఆ పుస్తకమే ముందు నిండింది.

వేలం పాట

తెలియనివాళ్ళ కోసం ముందు పద్ధతి చెప్పాలి. సీజన్ ముగిశాక ప్రతి జట్టూ కొందరు ఆటగాళ్ళని అట్టే పెట్టుకుని మిగిలినవాళ్ళని వదిలేస్తుంది. వదిలేసినవాళ్ళు వేలానికి వస్తారు. ఎంతైనా పెట్టి కొనేయడానికి లేదు. జట్టు మొత్తానికి ఇంత అని ఒక కట్టు ఉంది. ఇటీవలి సీజన్లలో అది 5 కోట్లు. అందులోనే కనీసం 18 మందిని కూర్చుకోవాలి. పాత జట్టుకి ఒక వెసులుబాటు కూడా ఉంది. తాము వదిలిన ఆటగాడికి చివరకు పలికిన ధర తామే ఇస్తామని చెప్పి వెనక్కి తెచ్చుకోవచ్చు. దీన్ని ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు. కౌలు భూమికి ఎవరో ఎక్కువ రేటు చెబితే, పాత కౌలుదారు "ఆ రేటేదో నేనే ఇస్తాను, భూమి నాకే ఉంచండి" అన్నట్టు.

ఇప్పుడు మన టైటాన్స్ లెక్క చూద్దాం. తొలి ఆరు సీజన్లూ ఈ జట్టుకి పేరు తెచ్చినవాడు రాహుల్ చౌదరి. 2015లో మూడో స్థానం వచ్చింది, 2016లో నాలుగో సీజన్ లో సెమీఫైనల్ దాకా వెళ్ళాం. 2019 వేలంలో రాహుల్ ని వదిలి, సిద్ధార్థ్ దేశాయ్ ని 1 కోటి 45 లక్షలకు కొన్నారు. ఆ వేలంలో అదే అందరికన్నా పెద్ద ధర. రాహుల్ తమిళ్ తలైవాస్ కి వెళ్ళాడు. సీజన్ అయ్యేసరికి పన్నెండు జట్లలో మనది 11వ స్థానం, రాహుల్ వెళ్ళిన తలైవాస్ ది 12వ స్థానం. ఇద్దరు పెద్ద పేర్లవాళ్ళు, అట్టడుగున రెండు మెట్లు!

తర్వాత మూడు సీజన్లు తలుచుకోవాలంటేనే బాధగా ఉంటుంది. ఎనిమిదో సీజన్ లో 22 ఆటలకి 1 గెలుపు. తొమ్మిదో సీజన్ లో 22కి 2. ఇలా కాదని 2023 అక్టోబరు వేలంలో పవన్ సెహ్రావత్ ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. లీగ్ చరిత్రలో అప్పటిదాకా ఎవరికీ అంత పలకలేదు. ఆనాడు మా ఊళ్ళో కుర్రాళ్ళు టపాసులు కాల్చినంత పని చేశారు. పవన్ కూడా అన్యాయం చెయ్యలేదు, ఆ సీజన్ లో రెండు వందల పైగా పాయింట్లు తెచ్చాడు. కాని పదో సీజన్ ముగిసేసరికి మన గెలుపులు ఎన్ని? 22కి మళ్ళీ ఆ రెండే!

ఆ పండక్కి ఇంటికెళ్ళినప్పుడు మా నాన్నకి ఈ సంగతంతా చెప్పాను. ఆయనకి కబడ్డీ తెలుసుగాని వేలం సంగతి తెలీదు. అంతా విని అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఏటిరా, ఉన్నదాన్లో సగం పైన ఒక్కడికే ఎట్టేస్తే మిగిల్నోళ్ళకి ఏటి మిగుల్తాదిరా?" కాగితం తీసి లెక్క వేశాను. 5 కోట్లలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు తీసేస్తే 2 కోట్ల 39 లక్షల 50 వేలు. దాన్ని మిగతా పదిహేడు మందికి పంచితే తలకి 14 లక్షల చిల్లర. నేను డిగ్రీలో చదువుతున్న లెక్కలకన్నా ఆయన నోటిలెక్క ముందు వెళ్ళింది.

పొట్టి చెక్క

మాకు పాఠంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేరు వస్తుంది. 19వ శతాబ్దంలో ఆయన ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. మొక్క ఎదుగుదల దానికి సమృద్ధిగా దొరికే పోషకం మీద కాదు, అన్నిటికన్నా కొరతగా ఉన్న పోషకం మీద ఆధారపడుతుందని. దీన్ని చెప్పడానికి పీపా బొమ్మ వేస్తారు. పీపాకి చుట్టూ చెక్కలుంటాయి గదా! వాటిలో ఒకటి పొట్టిగా ఉంటే నీళ్ళు ఆ పొట్టి చెక్క ఎత్తు దాకానే నిలుస్తాయి. మిగతా చెక్కలు ఆకాశమంత ఎత్తున్నా లాభం లేదు.

ఇది పుస్తకంలో చదవక ముందే మా మళ్ళలో చూశాను. ఒక ఏడు వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. మా పక్క పొలం ఆసామి యూరియా మీద యూరియా చల్లాడు. చేను ఎదగలేదు సరికదా, పురుగు పట్టింది. లోటు నత్రజనిలో లేదు, జింకులో ఉంది. మా నాన్న ఎకరానికి సరిపడా జింకు సల్ఫేటు వేశాడు, చేను తేరుకుంది. ఖర్చు చూస్తే యూరియా బస్తాలకన్నా తక్కువే. కొన్న వస్తువు గొప్పదా కాదా అని కాదు, మన చేనికి లోటు అదేనా అని చూసుకోవాలి.

కబడ్డీకి ఈ సూత్రం మిగతా ఆటలకన్నా ఎక్కువగా వర్తిస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటారా? ఈ ఆటలో ఔటైన మనిషి బయటికెళ్ళి కూచోవాలి. తనంతట తాను లోపలికి రాలేడు. బరిలో ఉన్నవాళ్ళు అవతలివాణ్ణి ఔట్ చేస్తేనే ఇతడికి ప్రాణం వస్తుంది. అంటే కోట్లు పోసి కొన్న రైడర్ కూతకెళ్ళి పట్టుబడ్డాడంటే, అతన్ని మళ్ళీ బరిలోకి తెచ్చే భారం పద్నాలుగు లక్షలవాడి మీద ఉంటుంది. ఆ పద్నాలుగు లక్షలవాడికి పట్టు రాకపోతే కోట్లవాడు బెంచీ మీద కూచుని చేతులు నలుపుకోవలసిందే. ఇక పట్టు సంగతి. మూలన ఉన్నవాడు కాలు అందుకున్న క్షణంలోనే పక్కవాడు వచ్చి నడుం మీద పడాలి. అర క్షణం ఆలస్యమైతే ఇద్దరూ ఔట్. ఆ అర క్షణాన్ని ఏ వేలంలోనూ కొనలేం. ఒకళ్ళ పక్కన ఒకళ్ళు ఏళ్ళ తరబడి నిలబడితేగాని రాదు.

ఒకే మనిషి, మూడు జట్లు

మరి పెద్ద పేరున్నవాణ్ణి కొనడమే తప్పా? కాదు. నా నోటుపుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీ ఇరాన్ ఆటగాడు మహమ్మద్ రెజా షాద్లూయిది. ఇతడు పట్టులో దిట్ట. 2023 వేలంలో పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలకు కొంది. ఆ సీజన్ లో కప్పు పుణేరిదే. 2024లో హర్యానా స్టీలర్స్ 2 కోట్ల 7 లక్షలకు కొంది. ఆ సీజన్ లో కప్పు హర్యానాదే. ఇంకేం, షాద్లూయి ఉంటే కప్పు ఉన్నట్టే అనుకుని ఉంటారు చాలామంది. 2025లో గుజరాత్ జెయింట్స్ 2 కోట్ల 23 లక్షలకు కొంది. గుజరాత్ ప్లే ఆఫ్స్ కి కూడా రాలేదు.

మనిషి ఒక్కడే. ధర కూడా ఇంచుమించు ఒక్కటే. తేడా ఎక్కడుంది? పుణేరి అప్పటికే అస్లం ఇనామ్‌దార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్ళని వదలకుండా పెంచుకుంటూ వచ్చింది. షాద్లూయిని కొనే ముందు సీజన్ లోనే ఫైనల్ ఆడింది. హర్యానా కూడా అంతే. జైదీప్ దహియా, రాహుల్ సేత్పాల్ లను అట్టే పెట్టుకుంది, షాద్లూయి వచ్చే ముందు సీజన్ లో ఫైనల్ దాకా వచ్చి ఓడింది. పీపా చెక్కలన్నీ ఒక ఎత్తుకి వచ్చాక మిగిలిన ఒక్క పొట్టి చెక్కనీ వాళ్ళు మార్చుకున్నారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ పట్నా పైరేట్స్. ప్రదీప్ నర్వాల్ రోజుల్లో వరసగా మూడు కప్పులు కొట్టిన జట్టది. ఐదో సీజన్ లో అతడొక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. కాని ఆ తర్వాత రెండు సీజన్లు అతడుండగానే ప్లే ఆఫ్స్ కి రాలేదు. 2021 వేలంలో ప్రదీప్ ని యూపీ యోధా 1 కోటి 65 లక్షలకు పట్టుకెళ్ళింది. పట్నా పని అయిపోయిందన్నారు. ఏమైంది? ఆ సీజన్ లో పట్నా లీగ్ దశలో అందరికన్నా పైన నిలిచింది. సెమీఫైనల్ లో ప్రదీప్ ఉన్న యూపీనే ఓడించింది. ఫైనల్ లో ఢిల్లీ చేతిలో ఒకే ఒక్క పాయింటుతో, 37-36తో ఓడింది.

ఇది మన దేశపు ఆటకే చెల్లే మాట కాదు. అమెరికా బాస్కెట్‌బాల్ లో 2010 వేసవిలో లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్ ఇద్దరూ వచ్చి డ్వేన్ వేడ్ ఉన్న మయామీ హీట్ లో చేరారు. ఇక కప్పు వాళ్ళదే అన్నారు. 2011 ఫైనల్ లో డల్లాస్ చేతిలో ఓడిపోయారు. తర్వాత 2012లో, 2013లో గెలిచారు. అంతటివాళ్ళకే ఒకరికొకరు అలవాటు పడటానికి ఒక ఏడాది పట్టింది.

మళ్ళీ మన టైటాన్స్ దగ్గరికి వద్దాం. పదకొండో సీజన్ కి శిక్షకుడిగా క్రిషన్ కుమార్ హూడా వచ్చారు. అంతకు ముందు ఢిల్లీకి కప్పు తెచ్చినాయన. పవన్ ని ఫైనల్ బిడ్ మ్యాచ్ లో వెనక్కి తెచ్చుకున్నారు, అదీ తక్కువ ధరకి, 1 కోటి 72 లక్షల 50 వేలకు. పవన్ గాయంతో కొన్ని ఆటలకి దూరమైనప్పుడు విజయ్ మలిక్ లాంటివాళ్ళు భారం మోశారు. 22కి 12 గెలిచి ఏడో స్థానంలో ఆగాం. ఒక్క మెట్టు తక్కువలో ప్లే ఆఫ్స్ తప్పిపోయాయి. 2025 వేలంలో పవన్ ని వదిలేసి, విజయ్ మలిక్ ని జట్టులోనే ఉంచుకుని, ఆల్‌రౌండర్ భరత్ హూడాని, డిఫెండర్ శుభం షిండేని ఒక్కొక్కరిని 80 లక్షల ప్రాంతంలో కొన్నారు. అంటే ఒక్కడి ధరకే కూతకి ఒకణ్ణి, పట్టుకి ఒకణ్ణి తెచ్చుకున్నారు. ఇది రైతు బేరం!

మా గదిలో అడుగునే అన్నవాడు ఆ తర్వాత నోరెత్తలేదు. విశాఖలో తొలి ఆట ఓడిన ఆ జట్టే అక్టోబరు ఆఖరికి రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళి పుణేరి చేతిలో 50-45 తేడాతో ఆగింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా మనకి లేని భాగ్యం. తొలి ఆట గెలిచిన తలైవాస్ కి పవన్ సీజన్ మధ్యలోనే దూరమయ్యాడు, ఆ జట్టు ప్లే ఆఫ్స్ కి రాలేదు. కప్పు ఢిల్లీది. వాళ్ళు ఎక్కువ డబ్బు పెట్టింది కూడా కొత్తవాడికి కాదు, తమ దగ్గరే ఎదిగిన ఆశూ మలిక్ ని 1 కోటి 90 లక్షలకు వెనక్కి తెచ్చుకోవడానికి.

మా ఊరి జట్టు

ఇన్ని లెక్కలు ఎందుకు వేశావు, నీకేం ఒరిగింది అని అడగవచ్చు. చెబుతాను.

మా ఊళ్ళో సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళ జట్లతో పోటీలు జరుగుతాయి. మా చిన్నాన్న కొడుకు, నాకు వరసకి అన్న, నాలుగేళ్ళు ఎడమ మూల కాశాడు. కూతకొచ్చినవాడి మడమ అందుకున్నాడంటే ఇక వదిలేవాడు కాదు. మూడేళ్ళ కిందట పెద్దలు "ఈసారి కప్పు మనదే అవ్వాల" అని చందాలు పోగుచేసి బయట నుంచి ఒక పేరున్న రైడర్ ని తెచ్చారు. ఆయనతో పాటు ఆయన మనిషి ఒకడు వచ్చాడు, అతడికి ఎడమ మూల ఇవ్వాలన్నాడు. అన్న గట్టు మీద కూచున్నాడు. మొదటి ఆట రైడర్ గారు ఒంటిచేత్తో గెలిపించారు. రెండో ఆటలో ఆయన్ని మూడుసార్లు పట్టేశారు. లేపడానికి లోపల పట్టుగలవాడు లేడు. ఓడిపోయాం. చందా డబ్బూ అయిపోయింది.

అసలు నష్టం అది కాదు. మరుసటి ఏడు బయటివాణ్ణి తెచ్చే డబ్బు లేదు. ఊరి కుర్రాళ్ళని పిలుద్దామంటే నలుగురూ నాలుగు దిక్కులు వెళ్ళిపోయారు. అన్న పరవాడలో ఒక కంపెనీలో షిఫ్టు పనికి కుదిరాడు. పండక్కి సెలవు దొరకలేదన్నాడు. "దొరికినా ఏటి సేస్తాను తమ్ముడూ, గట్టు మీద కూకోడానికి రావాల?" అన్నాడు ఫోన్లో. ఆ సంక్రాంతికి మా ఊరికి జట్టే లేదు. నాకు ఊహ తెలిశాక అలా జరగడం అదే మొదటిసారి.

బయటివాణ్ణి తేవడం పాపమని నేననను. మాకు లోటు ఎక్కడుందో చూసుకోకుండా తెచ్చారు. ఉన్న బలాన్ని తీసి గట్టు మీద కూచోబెట్టి మరీ తెచ్చారు. కోట్ల లీగులో ఒక ఏడు ఓడితే మరో ఏడు మరో వేలం ఉంటుంది. ఊరికి వేలం లేదు. పోయినవాడు పోయినట్టే.

మేముండే ద్వారకా నగర్ లో కూడా ఈ తంతు రోజూ చూస్తున్నాను. వేసవి వచ్చిందంటే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు మారిపోతాయి. నిన్నటిదాకా ఒకచోట పాఠం చెప్పిన మేష్టారి ఫోటో ఇవాళ ఎదురు మేడ మీద ఉంటుంది. కింద పెద్ద అక్షరాల్లో ర్యాంకులుంటాయి. చేరబోయే పిల్లవాడి తండ్రి, మా నాన్నలాంటివాడే, ఊరి నుంచి కాంప్లెక్సులో బస్సు దిగి ఆ ఫోటోలకేసి చూస్తూ నిలబడతాడు. నాకైతే ఆయన పక్కకెళ్ళి "బాబూ, పెద్ద ఫోటో సంగతి సరే, వెనక బెంచీలో కూచున్నవాడికి సందేహం వస్తే ఎవరు చెబుతారో అడుగు" అనాలనిపిస్తుంది. పొట్టి చెక్క అక్కడుంటుంది.

ఇక మన కాలేజీ మాట. ఈ ఏడు మన కబడ్డీ జట్టులో ఫైనలియర్ అన్నలు నలుగురు వెళ్ళిపోతున్నారు. అందులో ముగ్గురు పట్టుగలవాళ్ళు. మన యూనియన్ కి 5 కోట్లూ లేవు, వేలమూ లేదు. మనకున్నది ఈ వేసవి ఒక్కటే. ఏటా చేసినట్టు పోటీలకి వారం ముందు సెలక్షన్ పెట్టి, బలంగా కనబడినవాణ్ణి పట్టుకొచ్చి చొక్కా ఇస్తే మనమూ 22కి 2 జట్టే అవుతాం. జూన్ లో కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే ఫస్టియర్ తమ్ముళ్ళని గ్రౌండుకి పిలవండి. వెళ్ళిపోతున్న అన్నలు ఊళ్ళోనే ఉంటే ఒక నెల సాయంత్రాలు వచ్చి, మూల ఎలా కాయాలో పక్కన నిలబడి నేర్పండి. కూతకెళ్ళేవాడు ఏ క్లాసులోనైనా ఒకడు దొరుకుతాడు. వాడు పడిపోయినప్పుడు లేపేవాళ్ళని మాత్రం మనమే, ఇప్పుడే, తయారు చేసుకోవాలి.